చెన్నై వీధుల్లో బొమ్మల వేట: ఎలా మొదలుపెట్టాలి, ఏం చూడాలి

చెన్నైలో ఉద్యోగం చేసుకునే మనవాళ్ళ వీకెండ్లు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసిందే. ఒక వారం మాల్, ఒక వారం మహాబలిపురం, మధ్యలో సెంట్రల్‌లో రైలెక్కి సొంతూరు. ఎండకు భయపడి ఫ్యాను కింద పడుకునే వారం ఇంకోటి. ఆ చివరి రకం వారానికి పనికొచ్చే వ్యాపకం ఒకటి చెబుతాను. వీధుల్లో బొమ్మలు వెతకడం. దీనికి టికెట్ లేదు, బుకింగ్ లేదు, కళ గురించి చదువుకుని ఉండాల్సిన పని అసలే లేదు. కాస్త పొద్దున్నే లేవాలి, అంతే.

ఇన్‌స్టాగ్రామ్‌లో ‘తప్పక చూడాల్సిన పది గోడలు’ లాంటి లిస్టులు బోలెడు దొరుకుతాయి. వాటిని నమ్ముకుని బయల్దేరితే కొన్ని చోట్ల సున్నం కొట్టిన గోడే కనబడుతుంది. గోడ మీద బొమ్మకు ఆయుష్షు తక్కువ. అందుకని చిరునామాలు బట్టీపట్టే బదులు ఒక అలవాటు చేసుకోండి. బొమ్మ బాగుందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. దీన్ని ఎవరు వేయించారు, ఏ అవసరం కొద్దీ వేయించారు అని ముందు అడగండి. ఈ ఊళ్ళో ఊరికే రంగు పూసిన గోడ దాదాపు ఉండదు. మూత్రం పోయకుండా ఒకటి, పోస్టర్లు అంటించకుండా ఒకటి, దిష్టి తగలకుండా ఒకటి, ఓట్ల కోసం ఒకటి. అవసరం అర్థమైతే అది ఇంకెక్కడ ఉంటుందో మీరే ఊహించగలరు. అక్కడికి వెళ్ళి చూస్తే బొమ్మ ఉంటుంది.

1. మీ వీధిలోనే మొదలుపెట్టండి

మొదటి వారం ఎక్కడికీ వెళ్ళొద్దు. రోజూ బస్టాపుకో, షేర్ ఆటో ఆగే చోటుకో నడిచే దారి చాలు. ఫోను జేబులో పెట్టి, రెండు ఎత్తుల్లో చూస్తూ నడవండి. ఒకటి మోకాలి ఎత్తు, రెండోది రెండో అంతస్తు ఎత్తు. మామూలుగా మన చూపు ఈ రెంటికీ మధ్యే తిరుగుతుంది. అక్కడ షాపు బోర్డులు తప్ప ఏమీ ఉండవు.

మోకాలి ఎత్తులో ముందుగా దొరికేవి దేవుడి టైల్స్. జానెడు టైల్ మీద పిళ్ళైయార్, అంటే మన వినాయకుడు. పక్కన వేలాంకణ్ణి మాత, ఆ పక్కన మక్కా. మూడు మతాలూ ఒకే వరసలో, ఒకే సిమెంటుతో అంటించి ఉంటాయి. మతసామరస్యం గురించి చెప్పడానికి పెట్టినవి కావవి. గోడ వెనక ఇంటాయన ముక్కు మూసుకుని మూసుకుని విసిగిపోయి చేసిన ఏర్పాటు. టైల్‌కీ టైల్‌కీ మధ్య దూరం గమనించండి. మనిషి నిలబడేంత చోటు ఎక్కడా వదలరు. ‘ఇంగే సిరునీర్ కళిక్కాదీర్’, అంటే ఇక్కడ మూత్రం పోయొద్దు అని పెద్ద అక్షరాలతో రాసినా పని జరగని చోటే ఈ టైల్స్ వస్తాయి. అందుకని పక్కపక్కనే రెండూ కనబడితే, ముందు రాత, తర్వాత టైల్ అని వరస మీకు తెలిసిపోతుంది.

కొన్ని టైల్స్ అక్కడితో ఆగవు. ఎవరో ఒక పువ్వు పెడతారు. ఇంకెవరో పసుపు కుంకుమ పెడతారు. నూనె మరక పడుతుంది, పైన చిన్న రేకు వస్తుంది, ఆ తర్వాత హుండీ. ఒకే రోడ్డు మీద వేర్వేరు దశల్లో ఉన్న టైల్స్ దొరికితే గుడి ఎలా పుడుతుందో వరసగా చూసినట్టే. నా మటుకు నాకు, ఫ్లైఓవర్ కింద లక్షలు పోసి వేయించిన నెమలి బొమ్మల కంటే ఈ టైల్స్ దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

ఇప్పుడు తల ఎత్తండి. కట్టుబడిలో ఉన్న ఇంటికి సారవ మీద గడ్డి కుక్కిన ప్యాంటూ చొక్కా వేలాడుతుంటాయి. తలకాయ స్థానంలో సున్నం పూసిన కుండ, దాని మీద బొగ్గుతో మీసాలు. గృహప్రవేశం అయిపోయిన ఇంటికైతే బూడిద గుమ్మడికాయ మీద గీసిన రాక్షసుడి ముఖం. ఎర్రటి నాలుక, తెల్లటి కోరలు, గుడ్లురిమే కళ్ళు. గీసినవాళ్ళ ఉద్దేశం భయపెట్టడమే గానీ, చేయి తిరగని చోట ఆ రాక్షసుడికి ఇప్పుడే నిద్ర లేచినట్టు అమాయకపు ముఖం వస్తుంది. అలాంటివి దొరికితే వదలకండి. ఇవన్నీ మన ఊళ్ళోనూ ఉన్నవే కదా అంటారేమో. ఉన్నవే. కాకపోతే సొంతూళ్ళో ఎప్పుడూ తల ఎత్తి చూడం.

2. గోడ కిందిమూల చదవండి

రెండో వారం పెద్ద బొమ్మల సంగతి. కార్పొరేషన్ స్కూళ్ళ ప్రహరీలు, ఆసుపత్రి గోడలు, ఫ్లైఓవర్ స్తంభాలు, సబ్‌వేలు చూడండి. బొమ్మ ముందు నిలబడగానే కళ్ళు మధ్యలోకి కాకుండా కిందిమూలకు వెళ్ళాలి. అసలు సమాచారం అక్కడే ఉంటుంది. కార్పొరేషన్ ముద్ర, రైల్వే పేరు, రోటరీ చక్రం, రంగుల కంపెనీ లోగో, లేకపోతే చిన్న సంతకం, దాని కింద ఇన్‌స్టాగ్రామ్ ఐడీ. తమిళం చదవడం రాకపోయినా ‘ఉపయం’ (உபயம்) అన్న ఒక్క మాట ఆకారం గుర్తుపెట్టుకోండి. ఫలానావారు చేయించారని దాని అర్థం. బెంచీ మీద, చలివేంద్రం మీద, గుడి ట్యూబ్‌లైటు మీద కూడా ఇదే మాట కనబడుతుంది. ట్యూబ్‌లైటు మీద దాత పేరు మరీ పెద్దగా ఉంటే వెలుగు తగ్గుతుంది, అది వేరే సంగతి.

చెన్నై గోడల బొమ్మలకు చిన్న చరిత్ర ఉంది. అది తెలిస్తే చూపు మారుతుంది. 2009-10 ప్రాంతంలో కార్పొరేషన్ అన్నాసాలై, కామరాజర్ సాలై గోడల మీద పోస్టర్లు అంటించడం నిషేధించి, వాటికి బదులుగా తమిళ సంస్కృతి బొమ్మలు వేయించింది. భరతనాట్యం, మహాబలిపురం రథాలు, తల మీద కుండ పెట్టుకుని ఆడే కరగాటం లాంటివి. ఆ పనికి వచ్చినవాళ్ళలో సినిమా బ్యానర్లు, కటౌట్లు వేసిన చిత్రకారులు ఉన్నారు. ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చాక థియేటర్ల ముందు చేత్తో వేసే బ్యానర్లకు పనే లేకుండా పోయింది. ఒకప్పుడు మన సినిమాలు చాలావరకు ఇక్కడే తయారయ్యేవి కాబట్టి, ఆ కుంచెలు మన హీరోల ముఖాలు కూడా బోలెడు గీసి ఉంటాయి.

బ్యానర్ చేతిని గుర్తుపట్టడం తేలిక. ముఖంలో వెలుగు పడే పక్క గులాబీ రంగు, నీడ పక్క నీలమో ఆకుపచ్చో ఉంటుంది. మనిషి చర్మానికి లేని రంగులు ధైర్యంగా వేస్తారు. గోడకు మూరెడు దూరంలో నిలబడితే కనబడేవి మొరటు బ్రష్ గీతలే, ముఖం ఎక్కడుందో కూడా అర్థం కాదు. రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంట్ మీదికి వెళ్ళి తిరిగి చూడండి, చెంపలు కుదురుకుంటాయి, కళ్ళలో మెరుపు వస్తుంది. అరవై అడుగుల ఎత్తున ఉన్న ముఖాన్ని నడిరోడ్డు మీదివాడు చూడాలని నేర్చుకున్న పని అది. రంగు పల్చబడిన చోట పెన్సిలుతోనో సుద్దతోనో గీసిన గళ్ళు కూడా దొరుకుతాయి. చిన్న కాగితం మీది ఫోటోను గళ్ళుగా కొట్టి, గోడ మీద అవే గళ్ళను పెద్దవి చేసి, ఒక్కో గడి నింపుకుంటూ పోతారు.

స్ప్రే డబ్బాలతో, లిఫ్టు ఎక్కి వేసేవాళ్ళది ఇంకో చేయి. అంచులు మెత్తగా, పొగలా కలిసిపోతాయి. ఏ-కిల్ పేరుతో పనిచేసే చెన్నై చిత్రకారుడి ముఖాలు ఒకటి రెండు చూశారంటే మూడోదాన్ని సంతకం చూడకుండానే పట్టేస్తారు.

పెచ్చులూడిన చోట తప్పకుండా ఆగండి. సముద్రపు గాలికి ఇటుకలోంచి ఉప్పు పొంగుతుంది, దాంతో పైన రంగు పొరలు పొరలుగా లేస్తుంది. మెరీనాకు దగ్గరవుతున్న కొద్దీ ఇది ఎక్కువ. ఒక స్కూలు ప్రహరీ మీద నీలిరంగు సముద్రం బొమ్మ చూశాను, చేపలూ తాబేలూ ఉన్నాయి. తాబేలు వీపు మీద అరచేయంత పెచ్చు రాలింది. లోపల ఎరుపూ నలుపూ పట్టీలు కనబడ్డాయి, అంటే పాత పార్టీ రాత. దాని అంచున ఇంకా లోపల ఏదో ఆకుపచ్చ. గోడ పూర్వజన్మలన్నీ తాబేలు వీపు మీద బయటపడ్డాయి. ఇలాంటి చోట గోటితో గీకి చూడాలనిపిస్తుంది. గీకొద్దు.

3. విగ్రహాల చేతులు చూడండి

విగ్రహాలంటే చాలామందికి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అడ్డం తప్ప ఇంకేం కాదు. చెన్నైలో మాత్రం విగ్రహాల చేతులు చదవడం నేర్చుకుంటే మంచి కాలక్షేపం. అణ్ణాదురై చూపుడువేలు ఎత్తి ఉంటారు. ఎం.జి.ఆర్. టోపీ, నల్లకళ్ళద్దాలతో రెండు వేళ్ళు చూపిస్తారు, అవి రెండాకుల గుర్తు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే ఈ విగ్రహాలకు గుడ్డ చుట్టేస్తారు. మూటకట్టిన మనిషి ఆకారం, అందులోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఒక వేలు. ఎన్నికలయ్యేదాకా ఊరంతా ఇదే దృశ్యం. దీన్ని మించిన వింత కళాఖండం ఏ గ్యాలరీలోనూ దొరకదు. అదీ ఎన్నికల సంఘం పుణ్యమా అని ఉచితంగా.

మన తెలుగువాళ్ళం, ముఖ్యంగా రాయలసీమవాళ్ళం, ప్రత్యేకంగా వెళ్ళి చూడాల్సిన విగ్రహం ఒకటుంది. అన్నాసాలై మీద, ఐలండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద కూర్చున్న సర్ థామస్ మన్రో. సీడెడ్ జిల్లాలకు, అంటే మన రాయలసీమ వైపు జిల్లాలకు, కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారన్న కథ మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చందాలు వేసుకుని చేయించిన ఈ కంచు విగ్రహాన్ని లండన్‌లో ఫ్రాన్సిస్ చాంట్రీ తయారుచేస్తే, ఓడ మీద తెచ్చి 1839లో నిలబెట్టారు.

వింత ఎక్కడుందంటే, గుర్రానికి జీను లేదు. రికాబులూ లేవు. గవర్నరు గారి కాళ్ళు గాల్లో వేలాడుతుంటాయి. శిల్పి రికాబులు పెట్టడం మర్చిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఇక్కడ ఆటోవాళ్ళ నుంచి గైడ్ల దాకా చెబుతారు. కథ బాగానే ఉంది గానీ నిజం కాదు. లండన్‌లో ఇదే చాంట్రీ చేసిన నాలుగో జార్జ్ రాజు గుర్రానికీ జీను లేదు, రికాబుల్లేవు. అక్కడే ఆయన మొదలుపెట్టిన వెల్లింగ్టన్ విగ్రహానిదీ అదే తీరు. మర్చిపోవడం కాదు, ఆయన పద్ధతే అది. ఇంత చెప్పాక కూడా ఆటో ఆయన ఒప్పుకోడు, మీరు వాదించకండి.

చూడటానికి వీలైన సమయం ఆదివారం ఉదయం ఆరు, ఏడు మధ్య. రోడ్డు మధ్యలో ఉంటుంది కాబట్టి మిగతా వేళల్లో బస్సు కిటికీలోంచి ఒక్క క్షణం కనబడి పోతుంది. పేవ్‌మెంట్ మీద నిలబడి పక్కనుంచి చూడండి, వేలాడే పాదం అప్పుడే తెలుస్తుంది.

అక్కడి నుంచి మెరీనాకు వెళ్ళండి. శ్రామిక విజయం విగ్రహం, నలుగురు మనుషులు గోచీలతో బండరాయిని కదిలించే దృశ్యం, 1959 నాటిది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి పని. మద్రాసు ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్ అయిన మొదటి భారతీయుడు ఆయన. దీన్ని అందరూ ముందునుంచి ఫోటో తీస్తారు. మీరు వెనకనుంచి చూడండి. వీపు కండరాలు, మడమ నేలకు తన్నిపెట్టిన తీరు, అసలు బరువంతా ఆ పక్కనే ఉంది.

అదే రోడ్డు మీద 1968 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా పెట్టిన విగ్రహాల వరస ఉంటుంది. తిరువళ్ళువర్, అవ్వయ్యార్, భారతి వగైరా. వాళ్ళ మధ్య తమిళానికి సేవ చేసిన పోప్, కాల్డ్‌వెల్, ఇటలీ నుంచి వచ్చిన వీరమామునివర్, మొత్తం ముగ్గురు పాశ్చాత్యులు కూడా ఉన్నారు. అందె చేతపట్టి నిలబడ్డ కణ్ణగి, అంటే శిలప్పదికారం కావ్యంలోని నాయిక, దగ్గర కాసేపు ఆగండి. 2001 డిసెంబరులో ఆ విగ్రహాన్ని తీసేశారు, పెద్ద గొడవ అయింది, ప్రభుత్వం మారాక 2006లో మళ్ళీ పెట్టారు. మెట్రో పనుల బారికేడ్లు అడ్డం వస్తే ఇసుక వైపు నుంచి నడవండి.

4. ఒక పూట ఓఎంఆర్ వైపు

ఓఎంఆర్‌లో, అంటే పాత మహాబలిపురం రోడ్డులో, ఆఫీసు ఉన్నవాళ్ళకు ఇది చేతికి అందేంత దూరమే. అయినా చాలామంది క్యాబ్‌లో నిద్రపోతూ దాటేస్తారు.

ముందు ఇందిరా నగర్ ఎంఆర్‌టీఎస్ స్టేషన్, అంటే లోకల్ రైలు స్టేషన్. స్టేషన్ బయటి గోడ మీద పెద్ద పెద్ద ముఖాలు. ఏ-కిల్, ఖత్రా అనే ఇద్దరు చిత్రకారులు 2020 చివర్లో వేసిన పని ఇది. వీధి బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్‌తో పాటు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కూడా ఇందులో ఉంది. హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళ పట్ల వివక్ష పోవాలని వేసినది. ఎవరికి వైరస్ ఉంది, ఎవరికి లేదు అని ఆ ముఖాలు చూసి చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేరు. బొమ్మ పెట్టిన పరీక్షే అది. దీన్ని రైలు దిగి స్టేషన్ లోపలి నుంచి వెతికితే దొరకదు. బయటికొచ్చి, రోడ్డుకు అవతల నిలబడితేనే మొత్తం కనబడుతుంది. ప్లాట్‌ఫారం మీద ఫోటోలంటే రైల్వే పోలీసులు ప్రశ్నలు వేస్తారు, రోడ్డు మీద ఆ టెన్షన్ లేదు.

తర్వాత బస్సెక్కి తొరైపాక్కం దగ్గర కణ్ణగి నగర్. నగరంలో నదుల ఒడ్డున, కాలవల పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి, 2000 ప్రాంతం నుంచి ఇక్కడికి తెచ్చి పెట్టిన కాలనీ. దేశంలోని అతిపెద్ద పునరావాస కాలనీల్లో ఒకటి. కణ్ణగి నగర్ అని అడ్రసు చెబితే పని ఇవ్వడానికి వెనకాడతారని అక్కడివాళ్ళు చాలా ఏళ్ళు వాపోయారు. 2020లో స్టార్ట్ ఇండియా, ఏషియన్ పెయింట్స్ కలిసి ఇక్కడి ఇళ్ళ బ్లాకుల పక్కగోడలకు పెద్ద బొమ్మలు వేయించడం మొదలుపెట్టాయి. మన దేశం వాళ్ళే కాదు, విదేశీ చిత్రకారులూ వచ్చి వేశారు. మూడంతస్తుల ఎత్తున పిల్లల ముఖాలు, చేతులు, గళ్ళూ వంపులూ, అన్నీ రోడ్డు మీద నుంచే కనబడతాయి.

రంగులు వేస్తే నీళ్ళొస్తాయా, ఉద్యోగాలొస్తాయా అని అప్పుడే కొందరు అడిగారు. సరైన ప్రశ్నే. నా అభిప్రాయం అడిగితే, రెండూ నిజం. గోడ రంగు వల్ల ఇంట్లో కష్టం తీరదు. కానీ ఊళ్ళో మిగతావాళ్ళు పేరు వినగానే ముఖం తిప్పుకునే చోటికి, చూడటానికి జనం రావడం కూడా చిన్న మార్పేం కాదు. మీరు వెళ్ళేటప్పుడు ఈ రెండూ మనసులో పెట్టుకుంటే చాలు, ప్రవర్తన దానంతట అదే కుదురుగా ఉంటుంది.

అయినా నాలుగు ముక్కలు చెప్పాలి. అది జనం కాపురాలుండే చోటు, పార్కు కాదు. బొమ్మ కింద ఎవరైనా బట్టలు ఆరేస్తుంటే, ఫోటో కోసం పక్కకు జరగమనకండి. కిటికీల్లోకి, గుమ్మాల్లోకి కెమెరా పెట్టకండి. పిల్లలు ఫోటో తీయమని వాళ్ళంతట వాళ్ళే చుట్టుముడతారు, అప్పుడు కూడా పక్కనున్న పెద్దవాళ్ళను ఒక మాట అడగండి. ‘అక్కా, ఫోటో ఎడుక్కలామా?’ అంటే చాలు, నవ్వుతూ తలూపుతారు. ‘అణ్ణా, ఇంద పడం యారు వరంజాంగ?’, అంటే ఈ బొమ్మ ఎవరు వేశారు అని టీ కొట్టు ఆయన్ని అడిగితే, వేసినవాళ్ళు ఎన్నాళ్ళున్నారు, లిఫ్టు ఎక్కడ ఆగిపోయింది, ఏ రంగు ముందు ఒలికింది, అంతా కథలా చెబుతాడు. మీ తమిళం తప్పుల తడకైనా ఎవరూ ఏమనుకోరు. టీ అక్కడే తాగండి, బిస్కెట్లూ అక్కడే కొనండి.

5. క్యాలెండర్ చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకుంటే మీ ఓపిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. తడిసిన గోడ మీద రంగు చిక్కగా కనబడుతుంది గానీ, కాలి కింద ఏముందో కనబడదు. పొంగల్ ముందు ఇళ్ళకూ ప్రహరీలకూ కొత్తగా సున్నం కొడతారు కాబట్టి పాత రాతలు కొన్ని అప్పుడే మాయమవుతాయి. నచ్చిన గోడ ఏదైనా ఉంటే డిసెంబరులోపే చూసి రండి.

అన్నిటికంటే మంచి కాలం మార్గళి, అంటే మన ధనుర్మాసం. మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధులకు తెల్లవారకముందే వెళ్ళండి. మన ముగ్గులు చూసిన కళ్ళతోనే చూడొచ్చు గానీ, ఇక్కడి మెలికల ముగ్గు దగ్గర ఆగాలి. చుక్కలు పెట్టి, ఏ చుక్కనూ తాకకుండా, గీత ఎక్కడా తెగకుండా అన్నిటి చుట్టూ తిప్పుకుని మొదలుపెట్టిన చోటికే తెస్తారు. అంచుకు జాజుపట్టీ. ఒకావిడ ముగ్గు దగ్గర ఫోటోకి అడిగితే, తల ఎత్తకుండానే ‘ఇరుంగ, ఇన్నుం ముడియలె’ అన్నారు. ఉండండి, ఇంకా అవలేదు అని. ఆవిడ నడుం వంచినది వంచినట్టే ఉండి, పిండి రెండు వేళ్ళ మధ్యనుంచి ఒకే లావున జారుతుంటే, గీతకు మొదలేదో చివరేదో నాకు తెలియలేదు. జనవరిలో మైలాపూర్ ఫెస్టివల్ జరిగినప్పుడు ఉత్తర మాడవీధిలో ముగ్గుల పోటీ పెడతారు. రోడ్డంతా ముగ్గులే, నడవడానికి సందుండదు.

ముగ్గేగా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2019 డిసెంబరులో బెసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ముగ్గులు వేసినందుకు కొందరిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తర్వాత చాలా ఇళ్ళ ముందు అవే ముగ్గులు వెలిశాయి. బియ్యప్పిండికి ఉన్న శక్తి అది.

పెద్ద ఈవెంట్లు వచ్చినప్పుడు ఊరు ఒక్కసారిగా రంగు మారుస్తుంది. 2022లో మహాబలిపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు కూవం నది మీది నేపియర్ బ్రిడ్జిని మొత్తం చదరంగం గళ్ళలా మార్చేశారు. అలాంటివి ఉన్నప్పుడే చూసేయాలి. ఏదైనా పెద్ద సభో పోటీయో వస్తుందని పేపర్లో చదివితే, విమానాశ్రయం నుంచి ఆ చోటికి వెళ్ళే దారి ఏదో చూసుకుని, ఆ దారిలో గోడలు గమనించండి. రంగులు ముందు అక్కడే పడతాయి.

వేసవిలోనే తిరగక తప్పదంటే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలోని చోళమండల్ కళాకారుల గ్రామానికి వెళ్ళండి. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో మొదలైంది, చెట్ల కింద శిల్పాలుంటాయి, నీడ ఉంటుంది. వీధి బొమ్మలు కావుగానీ కళ్ళకు విశ్రాంతి.

6. రాసి పెట్టుకోండి

ఫోటో ఒక్కటే చాలదు. పది ఫోటోలయ్యాక ఏది ఎక్కడిదో మీకే గుర్తుండదు. ప్రతి బొమ్మకూ మూడు ఫోటోలు తీయండి. మొదటిది దూరం నుంచి, పక్కనున్న షాపు బోర్డు, కరెంటు స్తంభం, చెట్టు అన్నీ పడేలా. రెండోది బొమ్మ మొత్తం. మూడోది కిందిమూల సంతకం. పనికొచ్చేది మొదటిదే, ఎందుకంటే బొమ్మ పోయాక ఆ చోటును గుర్తుపట్టేది దానితోనే. గూగుల్ మ్యాప్స్‌లో సొంతంగా ఒక లిస్టు పెట్టి, ప్రతి చోటుకూ నోట్‌లో తేదీ, ఎవరు వేయించారు, ఎందుకు అని మూడు ముక్కలు రాయండి. తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, పక్కవీధి టీ కొట్టులో ఎప్పుడో తెలుస్తుంది.

తూర్పు ముఖంగా ఉన్న గోడకు పొద్దున, పడమటి ముఖానికి సాయంత్రం వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో రంగులన్నీ వెలిసిపోయినట్టుంటాయి. చిత్రకారుడి ఐడీ గోడ మీద ఉంటే, ఫోటో పెట్టేటప్పుడు ఆ పేరు రాయండి. టైల్స్, దిష్టిబొమ్మలు, ముగ్గులకైతే వేసినవాళ్ళ పేరుండదు. వీధి పేరు చాలు, ఇంటి నంబరు వేయకండి.

ఆరునెలలకోసారి అదే చోట, అదే స్తంభం పక్కన నిలబడి మళ్ళీ ఒక ఫోటో తీయండి. టైల్ పక్కన హుండీ వచ్చిందా, తాబేలు వీపు ఇంకెంత రాలింది, సున్నం పడిందా అన్నది రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సున్నం పడిన గోడను లిస్టులోంచి తీసేయకండి. పార్టీవాళ్ళో స్కూలువాళ్ళో ఇంకెవరో కొత్త అవసరంతో ఆ గోడ మీదికే మళ్ళీ వస్తారు.